రెండు గుప్పిళ్ళ వడ్లు

తిరువొత్తియూరు,
అక్టోబరు 29

దమయంతికి, వదిన చెంగమ్మ రాసేది.

జాబు మొదట్లో 'ఇక్కడ అందరం క్షేమం' అని రాయాలని బళ్ళో నేర్పించినారు. ఐదో క్లాసుతో నా చదువు అయిపోయింది. ఆ తర్వాత రాసిన జాబులన్నీ ఆ మాటతోనే మొదలుపెట్టినాను. ఈ పొద్దు ఆ మాట దగ్గరికొచ్చి పెన్ను ఆగిపోయింది. అందుకని అది లేకుండానే రాస్తున్నాను.

నేను ఫోను ఎత్తడం లేదని మీ ఇంటాయన జయరామ్ ఎవరితోనో అన్నాడంట. ఎత్తను. దాన్ని ఆపేసి బియ్యం డబ్బాలో అడుగున పెట్టినాను. ఆ గురువారం పొద్దున పదిన్నరకు అది మోగినప్పుడు నేను ఇడ్లీ పాత్రలు తోముతున్నాను. చూస్తే సునయన నంబరు. తడి చేత్తోనే ఎత్తి, "ఏమే, టిఫిను డబ్బా మర్చిపోతివే!" అన్నాను. అవతల ఎవరో మగమనిషి. "ఈ ఫోను గల అమ్మాయి మీకేమవుతుందమ్మా?" అని తమిళంలో అడిగినాడు. అవుతుంది అని అడిగినాడు దమయంతీ. నేను కూడా, కూతురవుతుంది అనే చెప్పినాను. అప్పటికే అది లేదు.

ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాలేదు. మీ అన్న పోయినప్పుడు వీధి అదిరేలా ఏడ్చినదాన్ని, ఇరవై ఆరేండ్ల కూతురిని తీసుకుపోతుంటే గుమ్మంలో నిలబడి, స్టవ్ ఆర్పినానా లేదా అని ఆలోచించినాను. నాకేమయిందో నాకే తెలియడం లేదు.

ఒక్క సంగతి మాత్రం తలలోంచి పోవడం లేదు. దాని కాలేజీ ఊరికి దక్షిణాన. అది పడింది ఉత్తరాన, పొన్నేరి రోడ్డులో, కంటైనర్ లారీ కింద. పొద్దున ఏడున్నరకు నా ఎదుటే స్కూటర్ తీసి, "కాలేజీకి పోయొస్తా మా" అన్నది. ఆ లారీల రోడ్డులో బండి ఎక్కనని నా తల మీద చెయ్యి పెట్టి చెప్పిన పిల్ల. మీ ఊరికి వచ్చినా శనివారం పూట, రైల్లోనే వచ్చేది. ఎనిమిదేండ్లుగా ఈ ఇంట్లో మేమిద్దరమే. నాకొక్క అబద్ధం చెప్పలేదని అనుకుంటూ ఉన్నాను.

వీధి కుళాయి దగ్గర ఆడవాళ్ళు నన్ను చూస్తే మాట ఆపేస్తున్నారు. నిన్న ఒకామె ఆపలేదు. "ఎవురిని చూసేదానికి పోయిందో ఏమో, పాపం" అన్నది. పాపం అంటూనే అన్నది.

నువ్వు కూడా పదహారో దినం ఆకు ముందు కూర్చుని, అన్నం కలిపి, తినకుండా లేచిపోయినావు. నా ముఖం చూడలేదు. నీకేమైనా తెలుసునా? తెలిస్తే రాయి. ఎంత చెడ్డ మాటైనా సరే, రాయి.

వదిన
చెంగమ్మ

*

కొత్తపాళెం, తడ దగ్గర,
నవంబరు 5

వదినకు,

మీ జాబు అందింది. పదిసార్లు పెన్ను పట్టుకుని పదిసార్లు పెట్టేసినాను. కుళాయి దగ్గర మాటలు చెవిన వేసుకోవద్దు వదినా. మన పాప అట్లాంటిది కాదు. అంతకంటే రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు.

ఈ సమయంలో అడగాల్సింది కాదు. అయినా అడగక తప్పడం లేదు. పాప గదిలో నీలం మూతగల ప్లాస్టిక్ పెట్టె ఒకటి ఉంటుంది. దాంట్లో గుడ్డసంచిలో వడ్లు ఉంటాయి. రెండు గుప్పిళ్ళే. దాన్ని మాత్రం చీమ దూరకుండా, తడి తగలకుండా భద్రంగా పెట్టండి.

పాప మా ఊరికి వచ్చిపోతా ఉండిందని మీకు తెలుసు, ఏం చేస్తా ఉండిందో పూర్తిగా చెప్పిందో లేదో. మా రెండెకరాల చుట్టూ అందరూ రొయ్యల గుంటలు తవ్వినారు. ఆ ఉప్పునీళ్ళు అడుగున పాకి మా వరి కయ్యల్లోకి వచ్చేసినాయి. ఎండాకాలం చూస్తే నేల మీద ముగ్గు పోసినట్టు తెల్లగా ఉప్పు తేలుతుంది. వరి నాటితే పది దినాలకు ఆకు కొసలు ఎర్రబడి మాడిపోతాయి. నాలుగేండ్ల కిందట మా ఆయన విసిగిపోయి, గుంటలకు ఇచ్చేద్దామన్నాడు. అప్పుడు పాప వచ్చింది. "అత్తా, నాకు ఒక్క మూల ఇయ్యి" అన్నది. మొదటి ఏడాది మూడు వందల మొక్కలు నాటితే నలభై ఒకటి బతికినాయి. వాటి గింజలే మళ్ళీ చల్లింది. మళ్ళీ బతికినవాటి గింజలు. అట్లా మూడు పంటలు. ఉప్పు తిని కూడా వెన్ను వేసినవాటిని మాత్రమే ఏరి, ఆఖరికి ఆ రెండు గుప్పిళ్ళు చేసింది. ఈ ఏడు చల్లితే వచ్చే ఏటికి పావెకరం, ఆ పైన రెండెకరాలు అని వేళ్ళు మడిచి లెక్క చెప్పింది.

నా దగ్గర ఒక్క గింజ లేదు. ఉన్నవి మొత్తం ఆ సంచిలోనివే. ఈ నెల దాటితే నారు పొయ్యడానికి అదను తప్పిపోతుంది. గుంటలాయన వారానికొకసారి వచ్చి అరుగు మీద కూర్చుంటున్నాడు. ఒకసారి గుంట తవ్వితే అది మళ్ళీ కయ్య కాదు వదినా.

పెట్టె ఉందని ఒక్క కార్డు ముక్క రాయండి, నేనే వస్తాను.

దమయంతి

*

తిరువొత్తియూరు,
నవంబరు 12

దమయంతికి,

పెట్టె కనపడలేదు. వెతుకుతాను. ఇల్లంతా చెల్లాచెదురుగా ఉంది. చావు ఇంట్లో ఎవరెవరో వచ్చినారు, ఏవేవో సర్దినారు.

నేను అడిగినదానికి నువ్వు జవాబు రాయలేదు. 'అట్లాంటిది కాదు' అని రాసినావు. అట్లాంటిది కాదని నాకు తెలియదా? ఆ రోడ్డులో దానికేం పని అని అడిగినాను.

వంటింట్లో దాని సీసాలు ఆరు ఉండేవి. గంజి మాదిరి, బురద మాదిరి ఏదో పోసి, మూతకు గుడ్డ కట్టేది. "ఏమే ఈ కంపు?" అంటే, "నీ పిండికి లేదా అమ్మా కంపు?" అనేది. పదకొండో దినం ఇల్లు కడిగేటప్పుడు వాటిని మోరీలో వంచేసినాను. సీసాలు బాగా తోమి బోర్లించినాను. ఇప్పుడు ఆ బోర్లించిన సీసాలను చూస్తే ఏదోలా అవుతుంది.

ఇడ్లీ అంగడి మళ్ళీ తెరిచినాను. మనలి ఫ్యాక్టరీలకు షిఫ్టుకు పోయేవాళ్ళు పాపం, డబ్బా పట్టుకుని వచ్చి తిరిగిపోతున్నారు. పొద్దున నాలుగు ప్లేట్లు కట్టినాక ఐదోది దాని డబ్బాలో పెట్టినాను. పెట్టి, మూత కూడా వేసినాను.

చెంగమ్మ

*

కొత్తపాళెం,
నవంబరు 18

వదినకు,

మీ బాధలో మిమ్మల్ని సతాయిస్తున్నాను, నా ముఖాన ఉమ్మండి. కానీ పెట్టె దొరికిందా? అటక మీద, మంచం కింద ఒకసారి చూడండి. పాపతో చదివే శ్రీప్రియ అనే అమ్మాయి ఉంది, దాన్ని పంపిస్తాను, అది వెతుకుతుంది. వానలు పడుతున్నాయి. నేల ఉప్పు కొంచెం కొంచెం కిందికి దిగుతా ఉంది. చేతిలో విత్తనం లేకుండా వానను చూడటం ఎట్లుంటుందో మీకు ఎట్లా చెప్పేది.

దమయంతి

*

తిరువొత్తియూరు,
నవంబరు 24

దమయంతికి,

శ్రీప్రియ వచ్చింది. వెతకనివ్వలేదు. నీలం పెట్టె తెచ్చి దాని ముందు పెట్టినాను. అందులో ఖాళీ గుడ్డసంచి ఉంది.

దమయంతీ, నేను నీకు అబద్ధం రాసినాను. పెట్టె కనపడకపోవడం కాదు. నీ మొదటి జాబు చదివిన నిముషమే ఆ వడ్లు ఏమైనాయో నాకు తెలుసు.

పెండ్లి కాని పిల్లను కాల్చకూడదని మనోళ్ళు పూడ్చినారు గదా. మూడో దినం పాలు పోసేటప్పుడు సమాధి మీద చల్లడానికి నవధాన్యాలు కావాలన్నారు. తక్కినవన్నీ డబ్బాల్లో ఉన్నాయి. వడ్లు లేవు. పట్నంలో ఇంట్లో వడ్లు ఎవరు పెట్టుకుంటారు? అందరూ గుమ్మంలో నిలబడి "ఆలస్యమవుతా ఉండాది" అంటున్నారు. దాని గదిలోకి పోతే పెట్టె కనపడింది. మూత మీద ఏదో రాసుంది, దాని రాత. తమిళం మాట్లాడతాను గానీ చదవడం నాకు రాదు. లోపల వడ్లు. అత్త ఊరి వడ్లు అనుకున్నాను. అంత భద్రంగా దాచుకుందే, దానికి ఇష్టం కాబోలు, దానితోనే పోనీ అనుకున్నాను. రెండు గుప్పిళ్ళు. మొత్తం వంపేసినాను. ఒక్క గింజ మిగిలితే దాన్ని కూడా ఏరి వేసినాను.

ఎవరి చేతికి ఇచ్చినానో తెలుసా? మీ జయరామ్ చేతికి. ఆడవాళ్ళు ఆ చోటికి పోకూడదని నేను గుమ్మంలోనే ఆగిపోయినాను. తిరిగొచ్చి కాళ్ళు కడుక్కుంటూ, "వడ్లు రొంత ఎక్కువేసినావే అక్కా" అన్నాడు. చల్లి, చేత్తో మట్టి కూడా కలిపినాడంట.

శ్రీప్రియ మూత మీద రాసింది నాకు చదివి చెప్పింది. 'అమ్మా, ఇది ముట్టుకోవద్దు' అని రాసుంది. నాకే రాసింది. నేను చదవలేని రాతలో నాకే రాసింది.

దాని నోటుబుక్కు కూడా చదివించుకున్నాను. ఉప్పు నేలలో ఎర్రగా పాకే చెట్టుంటుందంట, మీ గట్ల మీద. దాని వేర్ల మట్టిలో కంటికి కనపడని జీవాలుంటాయంట. అవి వరి వేరును అంటిపెట్టుకుని, ఉప్పు దెబ్బ తగలకుండా కాస్తాయంట. వాటిని చంపకుండా దాచడం తెలియక ఏడాది తిప్పలు పడింది. తర్వాత ఏం రాసుకుందో శ్రీప్రియ రెండుసార్లు చదివింది: 'అమ్మ రోజూ పాత పిండి ఒక గరిటె మిగిల్చి కొత్త పిండిలో కలుపుతుంది. ఇరవై ఏండ్లుగా మా ఇంట్లో పిండి చావలేదు. నేనూ అట్లే చేస్తాను. గంజి, బెల్లం, పాతది ఒక గరిటె.' ఆ వడ్లను ఆ నీళ్ళలో నానబెట్టి నీడన ఆరబెట్టి సంచిలో కట్టిందంట.

ఆ ఆరు సీసాలు అవే. నన్ను చూసి నేర్చుకున్నది నా చేత్తోనే మోరీలో వంచేసినాను.

లారీ దాన్ని చంపింది. మిగిలినదాన్ని నేను చంపినాను. ఇంక నన్ను తిట్టు.

చెంగమ్మ

*

కొత్తపాళెం,
నవంబరు 30

వదినకు,

మీ జాబు గట్టు మీద కూర్చుని చదివినాను. చదివి మా ఆయనకు చూపించినాను. ఆయన చాలాసేపు తన చెయ్యి తిప్పి చూసుకున్నాడు. "నా ఇత్తనమని నా చేతికి తెలీలేదే" అన్నాడు. అంతే.

మిమ్మల్ని తిట్టడానికి నాకు నోరు లేదు. మీరు తెలియక చేసినారు. నేను తెలిసి దాచినాను. ఇంక దాచితే నేను మనిషిని కాను.

ఆ గురువారం పొద్దున ఏడు గంటలకు సునయనకు ఫోన్ చేసింది నేనే.

ముందురోజు రొయ్యల గుంట కట్ట తెగి ఆ నీళ్ళు మా కయ్యలోకి వచ్చినాయి. నాలుగు నెలలు మంచినీళ్ళు కట్టి కట్టి, వదిలి వదిలి ఉప్పు కడుక్కున్న కయ్య. నాకు పిచ్చి లేచింది. "పాపా, నీ ఉప్పు కొలిచే మిషను తీసుకుని ఇప్పుడే రా" అన్నాను. "శనివారం వస్తా అత్తా, ఈ పొద్దు కాలేజీలో పనుంది" అన్నది. అప్పుడు నేను అన్న మాట అన్నది అన్నట్టే రాస్తున్నాను. "శనివారానికి ఏముంటాది, నా తద్దినమా? నీ చదువు కోసరమే గదా నేను కయ్య బీడు పెట్టుకొని కూసున్నది? నీకు పట్టా వస్తాది, నాకేమొస్తాది?" అన్నాను.

 తర్వాత, "సరే అత్తా, బండిలో వచ్చేస్తా. అమ్మకు మాత్రం చెప్పబాక, ఆ రోడ్డంటే బయపడతాది" అన్నది. నవ్వుతానే అన్నది.

దానికని చేపల పులుసు పెట్టినాను. తొమ్మిదిన్నర నుంచి గట్టు మీద కూర్చున్నాను. పదకొండైనా రాలేదు. "పట్నం పిల్లోళ్ళకు మాటంటే లెక్కలేదు" అని దాన్ని తిట్టుకుంటా కూర్చున్నాను. తిట్టుకుంటా ఉండినాను వదినా, అప్పటికే...

పదహారో దినం మీ ముఖం చూడలేకపోయింది అందుకే. చెబుదామనే వచ్చినాను. వడ్డించిన ఆకు ముందు కూర్చుంటే, ఆ పులుసు గిన్నె గుర్తొచ్చింది. ఆ పొద్దు నుంచి నేను ఎవరికీ ఫోన్ చెయ్యలేదు. అవతల మోగే శబ్దం వింటే చెయ్యి పట్టు తప్పిపోతుంది.

క్షమించమని అడగను.

దమయంతి

*

తిరువొత్తియూరు,
డిసెంబరు 5

దమయంతీ,

మూడుసార్లు చదివినాను. మొదటిసారి అర్థం కాలేదు. రెండోసారి నమ్మలేదు. మూడోసారి చదివి ఇడ్లీ పిండి రుబ్బినాను, ఏం చెయ్యాలో తెలియక.

ఫోన్ చేసినావు, అది నా కర్మ. కానీ నా కూతురు ఎవడి కోసమో పోయిందని రెండు నెలలుగా ఈ వీధి అంటా ఉంటే, ఎందుకు పోయిందో తెలిసిన మనిషివి నువ్వొక్కతివే. తెలిసి నోరు మూసుకున్నావు. నోరు మూసుకుని నన్ను విత్తనాలు అడిగినావు.

ఇంక నాకు రాయబాక.

చెంగమ్మ

*

కొత్తపాళెం,
డిసెంబరు 21

వదినకు,

రాయొద్దన్నారు. ఇది ఒక్కటి రాసి ఆపేస్తాను. జవాబు అక్కర్లేదు.

పోయిన ఆదివారం తిరువొత్తియూరు వచ్చినాను. స్టేషన్‌లో దిగి నేరుగా మీ వీధి కుళాయి దగ్గరికి పోయినాను. నీళ్ళొచ్చే వేళ, అందరూ ఉన్నారు. "నేను సునయన మేనత్తను. ఆ పొద్దు ఆ పిల్ల నా కయ్య ఉప్పు కొలవడానికి వస్తా ఉండింది. రమ్మని పిలిచింది నేనే. రానంటే మాటలనింది నేనే" అని చెప్పినాను. తమిళంలో కూడా చెప్పినాను, నాకు వచ్చినంత. ఒకామె బిందె తీసుకుని గబగబా పోయింది. తక్కినవాళ్ళు తల దించుకున్నారు. మీ గుమ్మం దాకా రావడానికి కాళ్ళు రాలేదు. మన చుట్టాల్లో ప్రతి ఇంటికీ ఈ మాటే జాబు రాసినాను.

మొన్న తుఫానుకు సముద్రం మా ఊళ్ళోకి వచ్చింది. కయ్యంతా మళ్ళీ ఉప్పే. ఫిబ్రవరి ఆఖరుకు మాట చెబుతానని మా ఆయన గుంటలాయనతో అన్నాడు. ఆయన తప్పేం లేదు. ఇంక ఏం చూసుకుని ఆపమంటాను?

దమయంతి

*

తిరువొత్తియూరు,
ఫిబ్రవరి 11

దమయంతికి, వదిన రాసేది.

నువ్వు కుళాయి దగ్గర చెప్పింది ఆ సాయంత్రమే తెలిసింది. 'పాపం' అన్న ఆమే వచ్చి చెప్పింది, ఒక కొబ్బరికాయ కూడా తెచ్చింది. నీకు జవాబు రాయలేదు. మనసు రాలేదు. ఇప్పుడు కూడా నీ తప్పు మాసిపోయిందని రాయడం లేదు. వేరే సంగతి జరిగింది. అది నీకు కాకుండా ఇంకెవరికి చెప్పినా అర్థం కాదు.

పోయిన వారం అంగడికి ముత్తురాజ్ వచ్చినాడు. శ్మశానం కావలి మనిషి. రోజూ రెండు ఇడ్లీలు తిని, ఏమీ మాట్లాడకుండా పోతాడు. ఆ పొద్దు చెయ్యి కడుక్కుని నిలబడినాడు.

"ఏమ్మా, ఎప్పుడు కోసుకుంటావు? ఇంక పది దినాలు పోతే పిట్టలు మిగిలించవు" అన్నాడు.

"ఏం కోసేది అన్నా?" అన్నాను.

"నీ నెల్లు మా, నీ వరి! పాప మీద పండి నిలబడుండాదే, చూళ్ళేదా నువ్వు?"

నా చేతిలో గరిటె ఎప్పుడు జారిందో తెలియదు. సాంబారు కాలి మీద పడింది. పడినట్టు సాయంత్రం బొబ్బ చూసినాక తెలిసింది.

ఆడవాళ్ళు పోకూడదన్నది ఎవరు చెప్పినారో, ఎందుకు చెప్పినారో, ఆ నిముషం ఏదీ గుర్తు లేదు. స్టవ్ ఆర్పినానో లేదో కూడా చూసుకోలేదు. ఆ చోటు సముద్రానికి ఎంత దగ్గరో నాకు అప్పటిదాకా తెలియదు దమయంతీ. అల చప్పుడు వినిపిస్తుంది. ఇసుక మీద అక్కడక్కడా తెల్లగా పొర కట్టి ఉంది, నువ్వు ముగ్గు మాదిరి అని రాసినావే, అదే. చుట్టూ ఒక్క పచ్చటి ఆకు లేదు. మధ్యలో దాని సమాధి, దాని చుట్టూ ముళ్ళకంప. ఆ కంప లోపల వరి.

 ముత్తురాజే చెప్పినాడు. "ముప్పై ఏండ్లుగా చూస్తా ఉండా మా. అందరూ చల్లుతారు. మొలుస్తాయి, ఎనిమిది దినాలకు మాడిపోతాయి. ఈ మన్ను ఉప్పు మన్ను. తుఫానుకు మోకాటి లోతు సముద్రపు నీళ్ళు రెండు దినాలు నిలబడినాయి. పోయినాది అనుకున్నా. నీళ్ళు తీసినాక చూస్తే, ఇది మాత్రం నిలబడుండాది.  మేకలు తింటాయని కంప కొట్టినా."

లెక్కపెట్టినాను. పంతొమ్మిది దుబ్బులు. కొన్ని పొట్టివి. కొన్నిటికి ఆకు కొసలు మాడి ఉన్నాయి. కానీ అన్నిటికీ వెన్నులున్నాయి. ఒక వెన్ను అరచేతిలోకి తీసుకుంటే బరువుగా ఉంది. అప్పుడు వచ్చింది దమయంతీ ఏడుపు. నాలుగు నెలలది. ముత్తురాజ్ దూరంగా పోయి, అటు తిరిగి బీడీ వెలిగించుకున్నాడు.

మర్నాడు శ్రీప్రియ కాలేజీ నుంచి ఉప్పు మిషను తెచ్చి ఆ మన్ను కొలిచింది. చూసి, నమ్మక, తుడిచి మళ్ళీ కొలిచింది. "ఆంటీ, ఇది సునయన వాళ్ళ అత్త కయ్య కంటే రెండింతలు ఎక్కువ" అన్నది. ఆ పిల్ల అక్కడే కింద కూర్చుండిపోయింది. ఇంత ఉప్పులో పెట్టి చూడటానికి సునయనకు ధైర్యం చాలలేదంట. ఉన్నవి రెండు గుప్పిళ్ళే, పోతే ఎట్లా అని నోటుబుక్కులో రాసుకుందంట. ఆ పని మీ ఆయన చేసినాడు.

కోసుకోమన్నారు ఇద్దరూ. నేను కోయను అన్నాను. దాని మీద మిగిలిన పచ్చదనం అదొక్కటే, దాన్ని కూడా నేనే కోసెయ్యాలా? మూడు దినాలు పోయి ఊరికే కూర్చుని వచ్చినాను. మూడో దినం శ్రీప్రియ ఇంకో మాట చెప్పింది. వెన్నులు ఒక్కటే చాలవంట. ఆ వేర్లకు అంటుకున్న మట్టి కూడా కావాలంట. నేను మోరీలో వంచేసిన ఆ జీవాలు అందులో ఇంకా బతికి ఉండొచ్చంట. ఉన్నాయని ఒట్టు పెట్టలేను ఆంటీ, లాబులో చూడాలి అన్నది. అంటే కోయడం కాదు, పెరకాలి.

పెరికినాను. పద్దెనిమిది దుబ్బులు, నా చేత్తోనే. వేరు తెగే చప్పుడు ఒక్కొక్కటీ విన్నాను. పంతొమ్మిదోది వదిలిపెట్టినాను. అది దానిది.

వేర్ల మట్టి సగం శ్రీప్రియ తీసుకుపోయింది. మిగిలిన సగాన్ని, బోర్లించిన సీసాల్లో ఒకటి తీసి అందులో వేసి, గంజి, బెల్లం పోసి పెట్టినాను. మూతకు గుడ్డ కట్టినాను. మూడో దినానికి కొంచెం నురగ వచ్చింది. అదే కంపు. అదో కాదో చదువుకున్నవాళ్ళు చెప్పాలి. కానీ పిండి చచ్చిందో బతికిందో ముక్కుతో చెప్పడం నా పని దమయంతీ, నాకు అది బతికే ఉన్నట్టుంది. రోజూ ఒక గరిటె పాతది మిగిల్చి కొత్త గంజి కలుపుతున్నాను.

తాలు పోగా గింజలు నాలుగు గుప్పిళ్ళు వచ్చినాయి. రెండు పోస్తే నాలుగు. ఇంట్లో రెండు పెట్టుకున్నాను. తక్కిన రెండూ ఈ జాబుతో పాటు దాని గుడ్డసంచిలోనే కట్టి, ఆ నీలం మూత పెట్టెలోనే పెట్టి రిజిస్టరు పోస్టులో పంపుతున్నాను. మూత మీద ఈసారి నేనే తెలుగులో 'ఇవి విత్తనాలు' అని రాసినాను, నువ్వు చూసుకో.

శ్మశానం వడ్లు కయ్యలో చల్లకూడదని మీ ఊళ్ళో ఎవరైనా అంటే, జయరామ్ చేత్తో చల్లి మన్ను కలిపినవని చెప్పు. రైతు చల్లిన చోటు కయ్యే అవుతుంది గానీ శ్మశానం ఎట్లవుతుంది? గుంటలాయనకు మీ ఆయన ఇంకా మాట ఇచ్చి ఉండడని అనుకుంటున్నాను. ఇస్తే వెనక్కి తీసుకోమను. నేను చెప్పినానని చెప్పు.

అన్నీ ఒకేసారి చల్లబాక, అదను దాకా దాచు. ఇప్పుడు పది గింజలు మాత్రం తడిగుడ్డలో కట్టి, మొలక వస్తుందో లేదో చూడు. కొత్త గింజలు, వారం పట్టొచ్చు.

మొలక కనపడిన పొద్దు జాబు రాయొద్దు. జాబు వచ్చేదాకా నేను ఆగలేను. ఫోను బియ్యంలోంచి తీసి, తుడిచి, చార్జింగు పెట్టినాను. చెయ్యి పట్టు తప్పినా సరే, నువ్వే చెయ్యి. నేను ఎత్తుతాను.

వదిన
చెంగమ్మ